రెండో నెంబరు

మా ఇంట్లో ఎవరికి ఇంటర్వ్యూ ఉన్నా ముందు వంటింట్లోకి వస్తారు. గుమ్మం పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంటుంది, పై అరలో డబ్బాలు అందుకోవడానికి కొన్నది. వచ్చిన వాళ్ళు దాని మీద కూర్చుంటారు. నేను స్టవ్ దగ్గర నిలబడి, వాళ్ళకి వీపు పెట్టి, కూరగాయలు తరుగుతూ ప్రశ్నలు అడుగుతాను. “మీ గురించి చెప్పండి” అని మొదలుపెడతాను. మా మరిది మొదటిసారి ఆ స్టూలెక్కినప్పుడు తన పుట్టుపూర్వోత్తరాలన్నీ ఎత్తుకున్నాడు, చిన్నప్పుడు జ్వరం వచ్చి ఏ పరీక్ష తప్పాడో దానితో సహా. “బాబూ, వాళ్ళు నీకు పిల్లనివ్వడానికి రాలేదు. ఏం పని వచ్చో చెప్పు, ఎక్కడ చేశావో చెప్పు, ఆపు,” అన్నాను. ఆ ఆపడమే అందరికీ కష్టం. భయపడ్డ మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. జీతం సంగతి వాళ్ళనే ముందు ఎత్తనివ్వమని చెప్పాను. పాత ఆఫీసు వాళ్ళు నరకం చూపించినా సరే, వాళ్ళని ఒక్క మాట అనొద్దన్నాను. నీ లోపమేమిటని అడిగితే ‘ఎక్కువ పనిచేస్తానండీ’ అని గొప్పలు పోవద్దు, అది విని విని వాళ్ళకి విసుగొచ్చి ఉంటుంది, నిజంగా ఉన్న చిన్న లోపం ఒకటి చెప్పి, దాన్ని ఎలా సరిదిద్దుకుంటున్నావో చెప్పమన్నాను. దరఖాస్తు ఒక్క పేజీ దాటకూడదన్నాను. ఫోన్ నెంబర్లు రెండివ్వాలి, రెండోది ఎప్పుడు మోగినా ఎత్తే మనిషిది అయి ఉండాలన్నాను. వారం దాటినా కబురు రాకపోతే ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మనమే ఫోన్ చేసి మర్యాదగా అడగాలన్నాను. మరిదికి ఆ ఉద్యోగం వచ్చింది. స్వీట్ల పెట్టె పట్టుకొచ్చి, “వదిన చేతి భోజనం తిని వెళ్ళాను, అందుకే కలిసొచ్చింది,” అన్నాడు. అత్తయ్య మురిసిపోయి, “వాడు చిన్నప్పటి నుంచీ మాటకారేగా,” అంది. నేను పెట్టె మూత తీసి అందరికీ పంచాను.

తర్వాత ఆడపడుచు భర్త వచ్చాడు, పై వాటాలో ఉండే అమ్మాయి వచ్చింది, మా ఆయన అయితే ఉద్యోగం మారిన ప్రతిసారీ వచ్చాడు. ఇదంతా నాకు ఎలా తెలుసని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పాప పుట్టకముందు నేను ఒక సీసాల ఫ్యాక్టరీలో మనుషుల్ని పనిలోకి తీసుకునే విభాగంలో చేసేదాన్ని. దరఖాస్తులు విడదీయడం, వచ్చినవాళ్ళని వరసగా కూర్చోబెట్టడం, లోపలికి పంపడం, పనికి తీసుకోని వాళ్ళకి ఆ సంగతి చెప్పడం నా పని. కాదని చెప్పడం అందరికంటే నాకే బాగా వచ్చేది. మా పై అధికారి, ముక్కు మీద కోపం ఉండే పెద్దాయన, ఆ ఒక్క విషయంలో మాత్రం నన్ను మెచ్చుకునేవాడు. పాప కడుపులో ఉండగా మా ఆయన, “ఒక రెండేళ్ళు ఆగు, బిడ్డ నడక నేర్చుకున్నాక చూద్దాం,” అన్నాడు. పాప నడిచింది. “బడిలో వేశాక చూద్దాంలే” అని అత్తయ్య అంది. బడిలో వేశాం. మావయ్యగారు మంచాన పడ్డారు. ఆయన పోయాక, “ఇప్పుడు కొత్తగా ఎవరిస్తారు నీకు?” అన్నాడు మా ఆయన, వెక్కిరింపుగా కాదు, నా మీద జాలితోనే. అలా పన్నెండేళ్ళు గడిచాయి. ఒక్కరోజు కూడా ఎవరూ నన్ను వద్దనలేదు. ‘చూద్దాం’ అన్నారు, అంతే.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఒకసారి మా ఆయనకి రెండు చోట్ల నుంచి ఒకేసారి పిలుపొచ్చింది. పెద్ద కంపెనీకి సరేనన్నాడు. చిన్న కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తుంటే ఎత్తడం మానేశాడు. “ఎత్తి ఏం చెప్పను? రెండు రోజులు చూసి వాళ్ళే వదిలేస్తారు,” అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. “కాదనడానికీ ఒక పద్ధతుంటుందండీ. రేపు మళ్ళీ వాళ్ళ గుమ్మమే తొక్కాల్సి రావచ్చు,” అని స్టూలు మీద కూర్చోబెట్టి, బియ్యం కడుగుతూ, ఒక్కో వాక్యం చెప్పి అనిపించాను. ‘నన్ను గుర్తించి అవకాశం ఇచ్చినందుకు చాలా సంతోషం. ఇంటి పరిస్థితుల వల్ల ఇప్పుడు రాలేకపోతున్నాను. నా కోసం మీరు ఎదురుచూడటం న్యాయం కాదు.’ చివరి వాక్యం నా సొంతం. పెద్దాయన కూడా నేర్పలేదు. మా ఆయన ఫోన్ చేసి అప్పజెప్పినట్టు చెప్పి, పెట్టేశాక, “వాళ్ళే నాకు థాంక్స్ చెప్పారే!” అని ఆశ్చర్యపోయాడు. ఆ పూట నాకు ఎంత గర్వంగా ఉందో. ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదవుతుంది.

ఈ మధ్య ఒక సాయంత్రం పై వాటా అమ్మాయి మెట్లు దిగుతూ మా గుమ్మంలో ఆగింది. ఆమె ఒక వృత్తి శిక్షణ సంస్థలో చదువుకుంది. వైరింగ్, వెల్డింగ్, ఫ్రిజ్‌లు బాగుచేయడం లాంటివి నేర్పుతారక్కడ. “ఆంటీ, మా సంస్థలో పిల్లల్ని ఇంటర్వ్యూలకి తయారుచేసే మనిషి కావాలట. అచ్చం మీరు నాకు చేసిందే. దానికి జీతం కూడా ఇస్తారు, తెలుసా!” అని నవ్వింది. నేనూ నవ్వాను. లోపలికొచ్చి పొంగిపోతున్న పాలు దించాను. దించాక ఆ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నేను నిలబడి, చేతులు తడుపుకుంటూ, మధ్యమధ్య కూర కలుపుతూ చేసే పనికి ఎక్కడో ఒక బల్ల, కుర్చీ, తలుపు మీద పేరు ఉన్నాయి. ఆ కుర్చీ నాకు కావాలనిపించింది. నాకు ఏదైనా కావాలనిపించి ఎన్నాళ్ళయిందో, ఆ అనిపించడమే కొత్తగా, కొంచెం సిగ్గుగా కూడా ఉంది.

అందరి దరఖాస్తులూ రాసిన దాన్ని, నాది రాయబోతే పేజీ నిండలేదు. సీసాల ఫ్యాక్టరీ తర్వాత ఏం రాయాలి? పాపని పెంచాను, మావయ్యగారికి పక్కబట్టలు మార్చాను అని రాస్తారా? చివరికి ఉన్నదున్నట్టు రాశాను. ‘ఈ పన్నెండేళ్ళూ ఇంట్లో ఉన్నాను. ఆ కాలంలో మా ఇంటివాళ్ళనీ ఇరుగుపొరుగునీ ఇంటర్వ్యూలకి తయారుచేశాను, వాళ్ళు ఉద్యోగాల్లో ఉన్నారు.’ ఆపాను. అందరికీ చెప్పినట్టే ఆపాను. ఇక ఫోన్ నెంబరు. నా ఫోన్ పేరుకే నాది. అత్తయ్య ఫోన్ బకెట్లో పడి పాడైంది. “ఒక ఇంట్లో ఎన్ని ఫోన్లే?” అని మా ఆయన ఇంకోటి కొనలేదు. అప్పటి నుంచి మధ్యాహ్నమంతా నా ఫోన్ అత్తయ్య చెవి దగ్గరే ఉంటుంది, అటువైపు ఆడపడుచు. అందుకని రెండో నెంబరు తప్పనిసరి. ఎవరిదివ్వాలా అని నేను ఆలోచిస్తుంటే మా ఆయన వెనక నుంచి చూసి, “నాది పెట్టు. నేనెప్పుడూ ఎత్తుతానుగా,” అన్నాడు. అప్పుడు ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి.

ఇంటర్వ్యూ ముందురోజు, అందరికీ చేసే పని నాకూ ఎవరైనా చేస్తే బావుండుననిపించింది. “కాసేపు మీరు ప్రశ్నలు అడుగుతారా?” అన్నాను మా ఆయనతో. ఆయన ఇప్పుడు తన ఆఫీసులో కొత్తవాళ్ళని తీసుకునే కమిటీలో ఉన్నాడు. భోజనాల బల్ల దగ్గర అన్నం తింటూ, టీవీ సౌండు కొంచెం తగ్గించి, గొంతు సవరించుకుని, “ఈ పన్నెండేళ్ళ గ్యాప్ ఏంటండీ?” అన్నాడు. అది మొదటి ప్రశ్న. అంతే, నా నోట్లోంచి “సారీ అండీ, ఇంట్లో...” అని వచ్చేసింది. ఎంతమందికి చెప్పాను, సంజాయిషీ ఇచ్చుకోవద్దని! ఆయన చెయ్యి గాల్లో ఊపి, “చూశావా, ఇక్కడే దొరికిపోతారు. మా దగ్గరైతే ఇంత గ్యాప్ ఉన్న ఆడవాళ్ళ కాగితాలు పిలవకుండానే పక్కన పెట్టేస్తాం. తప్పుగా అనుకోకు, ఎవరి మీదా కోపం ఉండి కాదు. రేపు ఇంట్లో ఎవరికో బాగాలేదంటారు, సెలవంటారు. తలనొప్పి ఎందుకని,” అన్నాడు. అని, కూరలో ఉప్పు తగ్గిందన్నాడు. నేను ఉప్పు డబ్బా తెచ్చి పెట్టాను. ఆయన పక్కన పెట్టేసిన ఆ కాగితాల వాళ్ళు ఎవరై ఉంటారా అని ఆ పూటంతా ఆలోచిస్తూనే ఉన్నాను. వాళ్ళ ఇళ్ళల్లోనూ ఇలా ఒక ఉప్పు డబ్బా ఉంటుంది, అది ఎక్కడుందో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

పొద్దున్నే వంట ముగించి, అత్తయ్యకి మందులు బల్ల మీద పెట్టి, బస్సెక్కి వెళ్ళాను. పాత బిల్డింగు. కింద వర్క్‌షాపులో సుత్తుల మోత, నూనె వాసన. మేడ మీద పెద్ద కిటికీ ఉన్న గదిలో ప్రిన్సిపాల్ కూర్చుని ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కళ్ళజోడు తల మీదికి నెట్టుకున్న మనిషి. నా కాగితం చదివి, “పన్నెండేళ్ళు ఇంట్లో ఉన్నారా?” అంది. “అవునండీ. పాపనీ మావయ్యగారినీ చూసుకున్నాను. ఇప్పుడు ఆ పనులు లేవు,” అని ఆపేశాను. ఆపగలిగాను! ఆవిడ తలూపి, కింద నుంచి ఒక పిల్లని పిలిపించింది. వెల్డింగ్ నేర్చుకునే పిల్లట. “ఈ అమ్మాయికి ఎల్లుండి ఇంటర్వ్యూ ఉంది. మీరెలా తయారుచేస్తారో చూపించండి,” అంది. ఆ పిల్ల నా ఎదురుగా కూర్చుని గోళ్ళు గిల్లుకుంటోంది. నీ గురించి చెప్పమ్మా అంటే పెదవి కదిలింది కానీ మాట బయటికి రాలేదు. నాకూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బల్ల మీద తరగడానికేమీ లేదుగా! ఇంతలో నాకు తెలియకుండానే లేచి, బోర్డు మీది పాత లెక్కలు గుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. తుడుస్తూ, వెనక్కి తిరక్కుండానే, “మొదటిసారి నిప్పురవ్వ మీద పడినప్పుడు ఏం చేశావే?” అన్నాను. ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వి మొదలుపెట్టింది. చెయ్యి కాలిన సంగతి, మర్నాడు మళ్ళీ వచ్చిన సంగతి, సరిగ్గా అతకడానికి ఎన్ని ముక్కలు పాడుచేసిందో, ఇప్పుడు ఏయే పనులు ఒక్కతే చేయగలదో గలగలా చెప్పుకుపోయింది. “ఇదే రేపు వాళ్ళకి చెప్పు. చెప్పి, ఆపెయ్,” అని అప్పుడు వెనక్కి తిరిగాను.

ప్రిన్సిపాల్ కళ్ళజోడు దించి నన్ను చూసింది. “అటెందుకు తిరిగారు?” అంది. “ఎదురుగా చూస్తుంటే బిగుసుకుపోతారండీ. మనం ఏదో పని చేసుకుంటూ అడిగితే ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడతారు,” అన్నాను. ఆవిడ నవ్వి, “నేనింతకాలం పిల్లల్ని ఎదురుగానే కూర్చోబెట్టాను,” అని, నన్ను పక్కగదిలోకి తీసుకెళ్ళి చూపించింది. చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, కిటికీలో ఎవరో మర్చిపోయిన టీ కప్పు. “ఉద్యోగంలో చేరేవాళ్ళు కూర్చునేది ఇక్కడే. ఇంకొకరిని చూడాలి. రెండు మూడు రోజుల్లో ఫోన్ చేస్తాం,” అంది. వచ్చేటప్పుడు బస్సులో నిలబడే వచ్చాను. సీటు ఖాళీ అయినా నాకు కూర్చోవాలని గుర్తు రాలేదు.

ఇక ఆ ఫోన్ కోసం నేను పడ్డ పాట్లు! బాత్రూంలోకి తీసుకెళ్ళాను, బట్టలు ఆరేస్తూ భుజం మీద పెట్టుకున్నాను. “అదేం పసిపిల్లా ఎత్తుకు తిరగడానికి?” అంది అత్తయ్య. మధ్యాహ్నం ఆడపడుచుతో మాట్లాడటానికి ఇవ్వక తప్పలేదు. ఇచ్చినా పక్కనే కూర్చుని, “త్వరగా పెట్టేయండి అత్తయ్యా, నాకు కాల్ రావాలి,” అని నస పెట్టాను. రాలేదు. మూడు రోజులు పోయాయి, వారం పోయింది. మా ఆయన రోజూ ఇంటికి రాగానే నా మొహం చూసేవాడు. అడగకుండానే, “రాలేదా? పోనీలే. వాళ్ళకి చిన్నవయసు వాళ్ళు కావాలేమో. నువ్వు మాత్రం బాగా ప్రయత్నించావు,” అన్నాడు ఒక రోజు. ఆదివారం తనే లేచి టీ పెట్టి తెచ్చిచ్చాడు. పెళ్ళయ్యాక ఆయన టీ పెట్టడం అదే మొదలు. చక్కెర మరీ ఎక్కువైంది. అయినా కప్పు అడుగు కనిపించే దాకా తాగాను. నన్ను అర్థం చేసుకుంటున్నాడనుకుని, చాటుకెళ్ళి ఏడ్చాను కూడా. ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే జాలి.

వారం దాటింది కాబట్టి నా నియమం ప్రకారం నేనే ఫోన్ చేశాను. మధ్యాహ్నం, అత్తయ్య నడుం వాల్చిన వేళ. ఆఫీసులో ఒకావిడ ఎత్తింది. పేరు చెప్పాను. “ఓ, మీరా! అయ్యో, ఎలా ఉందండీ మీ అత్తగారికి?” అంది. నాకు అర్థం కాలేదు. “మా అత్తగారికేమైంది?” అన్నాను. “మోకాలి ఆపరేషన్ కదా? మేము మధ్యాహ్నం మీ నెంబరుకి రెండుసార్లు చేస్తే బిజీ వచ్చిందండీ. రెండో నెంబరుకి చేస్తే మీవారు ఎత్తారు. మీరు రాలేరని ఎంత పద్ధతిగా చెప్పారో! మిమ్మల్ని గుర్తించి అవకాశం ఇచ్చినందుకు చాలా సంతోషమన్నారు. ఇంటి పరిస్థితుల వల్ల రాలేకపోతున్నారు, మీ కోసం మేము ఎదురుచూడటం న్యాయం కాదన్నారు. ఆ మాట నేను ప్రిన్సిపాల్ మేడమ్‌కి కూడా చెప్పాను. ఎంత మంచి మనుషులో అన్నారు మేడమ్.”

నేను గోడకి ఆనుకున్నాను. నా మాటలే. ఒక్క అక్షరం కూడా జారిపోలేదు. బియ్యం కడుగుతూ నేను కట్టిన ఆ వాక్యం, ఇన్నేళ్ళకి ఎవరి నోటి మీదుగానో తిరిగి నా చెవిలో పడింది. “ఆ ఉద్యోగం...” అన్నాను. “అది అయిపోయిందండీ. ఇంకొకామె పోయినవారమే చేరారు. మేడమ్ మొదట మీకే చేయమన్నారు, నిజం చెప్పాలంటే,” అని ఆవిడ గొంతు తగ్గించింది. ఆమె దయగలది, నన్ను బాధపెట్టాలని కాదు. నేను ఆపరేషన్ లేదని చెప్పలేదు. చెప్పి ఏం లాభం? మొగుడి పరువు తీసిన దాన్నవుతాను, పని మాత్రం రాదు. “మళ్ళీ ఎప్పుడైనా ఖాళీ వస్తే చెప్తారా?” అని మాత్రం అడిగాను. “తప్పకుండా. మీ నెంబర్లు రెండూ ఉన్నాయి కదా,” అంది. “ఆ రెండోది కొట్టేయండి. నాదొక్కటే ఉంచండి,” అన్నాను. అటువైపు కాగితం మీద పెన్ను గీకిన చప్పుడు వినిపించింది. “సరేనండీ,” అంది ఆవిడ. ఆమెకి అర్థమైందనుకుంటాను.

గదిలోంచి అత్తయ్య, “ఎవరే ఫోను? అత్తగారికేమైంది అంటున్నావు, నాకేమైంది?” అని అరిచింది. చెవులు మాత్రం పాముచెవులు. వెళ్ళి మంచం పక్కన కూర్చున్నాను. “మీకు మోకాలి ఆపరేషనట, అత్తయ్యా,” అని జరిగింది చెప్పాను. ఆవిడ లేచి కూర్చుంది. డాక్టరు ఆ మధ్య ఒకసారి మోకాలికి ఆపరేషన్ చేయించుకుంటే మంచిదన్నాడు. చచ్చేదాకా ఈ కాళ్ళతోనే నడుస్తానని ఆవిడ అక్కడే తేల్చి చెప్పేసింది. “నేను చేయించుకోనన్నానుగా! నా మోకాలిని వాడెందుకు లాగాడు మధ్యలోకి?” అంది. చీర అంచు వేలికి చుట్టుకుంటూ, “మీ మావయ్యా ఇంతే. మా అక్క నన్ను పురుడికి పిలిస్తే, నాకు ఒంట్లో బాగాలేదు, రాలేనని ఆయనే కబురు పెట్టేశారు. అక్క పిలిచిందనే నాకు తెలియదు. నేను రాలేదని అది పోయేదాకా నాతో సరిగా మాట్లాడలేదు,” అంది. ఇన్నేళ్ళలో నాకు ఈ సంగతి చెప్పడం అదే మొదటిసారి. దిండు పక్కనున్న తన కళ్ళజోడు కోసం తడుముకుంది. నేను అందించాను. “ఆ ఫోను ఇక నాకివ్వకు. నాకో డొక్కుది కొనిమ్మని వాణ్ణి నేనే అడుగుతాను,” అంది. మనిషి మారిపోయిందని కాదు, సాయంత్రం టీ ఆలస్యమైతే మళ్ళీ మామూలే. కానీ ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఒకే మంచం మీద చాలాసేపు కూర్చున్నాం.

సాయంత్రం మా ఆయన హుషారుగా వచ్చాడు. బూట్లు విప్పుతూనే, “రేపే ఇంటర్వ్యూ. మేనేజరు పోస్టు. పైవాళ్ళు ముగ్గురు కూర్చుంటారట. టీ తాగుతూ ఒకసారి చూసుకుందామా?” అని, అలవాటుగా వంటింట్లోకి వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. నేను చిక్కుళ్ళు తుంచుతున్నాను. వీపు ఆయన వైపే ఉంది. చేతులు వాటంతటవే పని చేసుకుపోతున్నాయి, నోరు కూడా ‘మీ గురించి చెప్పండి’ అనబోయింది. అంత అలవాటు. ఆపుకుని, స్టవ్ కట్టేశాను. భోజనాల బల్ల దగ్గర నుంచి కుర్చీ తెచ్చి, ఆయన ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. మా వంటింట్లో నేను కూర్చోవడం ఆయన ఎప్పుడూ చూడలేదనుకుంటాను. “ఏంటి, ఇవాళ స్టయిలు మారింది?” అని నవ్వాడు.

“ఇంకొకరి తరఫున మీరు తీసుకున్న నిర్ణయం ఒకటి చెప్పండి,” అన్నాను.

“ఆ, ఇది మంచి ప్రశ్న! పోయినేడు మా టీములో ఒకతనికి...”

“ఆఫీసులో కాదు. పోయినవారం. మీకొక ఫోను వచ్చింది.”

ఆయన నా మొహంలోకి చూశాడు, చూసి బిగుసుకుపోయాడు. నేను చూపు తిప్పుకోలేదు. “ఎవరు చెప్పారు?” అన్నాడు. తర్వాత, “అది కాదు. విను. నేను మీటింగులో ఉన్నాను. రేపటికల్లా చేరాలి, అవునో కాదో ఇప్పుడే చెప్పమన్నారు. అమ్మకి ఎప్పటికైనా ఆపరేషన్ తప్పదు. పాప పెద్ద క్లాసుల్లోకి వచ్చింది, పరీక్షలు ఎక్కువయ్యాయి. నాకీ మేనేజరు పోస్టు వస్తే ఇంటికి ఎప్పుడొస్తానో నాకే తెలియదు. ఇవన్నీ ఎవరు చూస్తారు?” అన్నాడు. నేను కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాను. “చెప్తే బాధపడతావని చెప్పలేదు. పిలవలేదనుకుంటే రెండు రోజుల్లో మర్చిపోతావనుకున్నాను,” అన్నాడు. ఇంకా ఆగలేకపోయాడు. భయపడ్డ మనిషి ఆపలేడు. “అయినా నీకు చెప్పినా నువ్వు వద్దనేదానివే. నాకు తెలియదా నీ సంగతి? చివరికి నువ్వే వద్దనేదానివి.”

ఆ మాట నిజం కావచ్చు. ఆ ఫోను నాకే వచ్చి ఉంటే, అత్తయ్య మోకాలూ పాప పరీక్షలూ ఆయన పోస్టూ అన్నీ నా కళ్ళ ముందుకొచ్చి, నేనే కాదనేదాన్నేమో. అనేదాన్ని కాదేమో. ఆ చిన్న గది, ఆ కిటికీ, నవ్విన ఆ వెల్డింగ్ పిల్ల గుర్తొచ్చి, ‘రేపే వస్తానండీ’ అనేదాన్నేమో. ఇక నాకు ఎప్పటికీ తెలియదు. ఉద్యోగం పోయినందుకు ఏడుపు ఒకటి, అది ఎలాగో మింగుతాను. ఏమనేదాన్నో నాకే తెలియకుండా పోయిందే, ఈ ఏడుపు మింగుడుపడటం లేదు. అందరికీ కాదనడం నేర్పిన దాన్ని. ఆ కాదన్న మాటైనా నాది కావలసింది.

“సరే, తప్పైంది. ఇంకెప్పుడూ అలా చెయ్యను,” అన్నాడు. చేతి గడియారం చూసుకున్నాడు. “ఈ సంగతి రేపు సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం, ఒట్టు. ఇప్పుడు మాత్రం ఆ ప్రశ్నలు ఒకసారి అడిగెయ్. ముగ్గురి ముందు కూర్చోవాలి. నువ్వు లేకుండా నేనెప్పుడూ వెళ్ళలేదు.”

అది కూడా నిజమే. ఆయన మొహంలో, మొదటిసారి ఆ స్టూలు మీద కూర్చున్నప్పటి బెదురే ఉంది. నాకు జాలేసింది. వేసినా లేచాను. కుర్చీ తీసి భోజనాల బల్ల దగ్గర దాని చోట పెట్టాను. ఫోన్ తీసి నా దగ్గరే పెట్టుకున్నాను. చీర సర్దుకుని, ఫ్యాక్టరీలో ఆ పెద్దాయన మెచ్చుకున్న గొంతుతో, తొందరపడకుండా, ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

“నన్ను గుర్తించి అవకాశం ఇచ్చినందుకు చాలా సంతోషమండీ. ఇంటి పరిస్థితుల వల్ల ఇప్పుడు రాలేకపోతున్నాను. నా కోసం మీరు ఎదురుచూడటం న్యాయం కాదు.”